ఆకు పారబోసే వెలుగు

ఏప్రిల్ 4

అత్తా,

అందరి ఆరోగ్యాల సంగతీ నాన్న రాస్తాడు, ఆయనకి రాయడానికి ఇంకేమీ ఉండదు. నేను పనిపడి రాస్తున్నాను.

మా నర్సరీ యజమాని చేతులెత్తేసి వెళ్ళిపోయాక మేం పదకొండు మందిమి సంఘం పెట్టుకుని దాన్ని నడుపుతున్నాం, తెలుసుగా. యజమాని పోయాడు గానీ యజమానితనం పోలేదు. అది మా మేస్త్రిలో దూరి కూర్చుంది. ఈయన ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాడు, షెడ్డు వెనక గదిలోనే ఉంటాడు, వేరే ఇల్లూ వాకిలీ లేవు. పోనీ అనుకుందామంటే ఆయన పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టమాటా నారుని మొలకెత్తినప్పటినుంచీ షేడ్‌నెట్ కింద నీడలో దాచిపెడతాడు. తర్వాత దానికి ఎండ ‘అలవాటు’ చెయ్యాలట! మొదటి రోజు అరగంట, రెండో రోజు గంట, ఇలా పది రోజులు. తొంభై ట్రేలు బయటికి మొయ్యాలి, లోపలికి మొయ్యాలి. ఆకు పుట్టిందే వెలుగు కోసమైతే దానికి వెలుగు అలవాటు చెయ్యడమేమిటి? ఈయన పొయ్యికి మండటం కూడా నేర్పిస్తాడేమో.

అదే అడిగాను. అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "ఒరే కరపత్రం, ఆకు నీలాగా చదువుకోలేదురా. దానికి నెమ్మదిగా చెప్పాలి." అందరూ నవ్వారు. అప్పటినుంచి నా పేరు కరపత్రం. నేను చదివేవి కరపత్రాలే, ఒప్పుకుంటాను. ‘వెలుతురు మీద హక్కు’ అన్న పదహారు పేజీల పుస్తకం నాలుగుసార్లు చదివాను. ఈయన ఏం చదివాడు? ఎరువుల బస్తా మీద అచ్చేసింది చదివాడు.

ఇరవయ్యో తేదీ సమావేశంలో మేస్త్రిని సంఘంలోంచి తీసెయ్యాలని తీర్మానం పెడుతున్నాను. నువ్వు పనిచేసేది ఆకుల ప్రయోగశాలలోనే కదా. ఆకు ఎంత వెలుగు అందితే అంతా వాడుకుంటుందని, నీడలో దాచడం మూఢనమ్మకమని మీ కాగితం మీద రాసి పంపు. ముద్ర ఉంటే మరీ మంచిది.

ఆవేశంతో,
నీ మేనల్లుడు


ఏప్రిల్ 9

ఒరే కరపత్రం,

మీ మేస్త్రి ఎవరో గానీ నాకు నచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నీకో పేరు పెడదామని చూస్తున్నాను, ఆయన ఒక్క పూటలో పెట్టేశాడు.

తీర్మానాల సంగతి వదిలెయ్. ఆరేళ్ళప్పుడు మీ నాన్న గురక మీద కూడా తీర్మానం పెట్టావు, ఆయన ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు. నాకు కూతురు పుట్టకపోవడం దాని అదృష్టం అని మీ అమ్మతో అంటే నిన్నటికి నిన్న ఫోన్లో పకపకా నవ్వింది.

అయినా ఇన్నాళ్ళకి నా పని గురించి ఒకడు అడిగాడు. ఇక్కడ పరిశోధకులు నలుగురు. నలుగురూ మాట్లాడతారు, గాజుసామాను నేను కడుగుతాను, కొలతలు నేను తీస్తాను, పేర్లు వాళ్ళవి వేసుకుంటారు. కాబట్టి శ్రద్ధగా విను.

ఆకులో వెలుగుని పట్టుకోవడానికే కొన్ని ప్రోటీన్లుంటాయి. వాటినిండా పత్రహరితం కూరి ఉంటుంది. అవి వెలుగుని పట్టి లోపలి యంత్రానికి అందిస్తాయి. పొద్దుటి ఎండలో ఇదంతా చక్కగా సాగుతుంది. మధ్యాహ్నం సంగతి వేరు. ఒకే ఒక్క గుమాస్తా ఉన్న కౌంటరు ముందు వీధి వీధంతా వచ్చి నిలబడిందనుకో. ఆకుకి వేసుకోడానికి తలుపు లేదు, లేచిపోడానికి కాళ్ళు లేవు. అప్పుడు లోపల ఆమ్లం పేరుకుంటుంది. ఆ పులుపు తగలగానే కాపలా కాసే చిన్న ప్రోటీన్ ఒకటి మేలుకుంటుంది. ఆకులో ఉండే ఒక పసుపు పదార్థం నిమిషాల్లో రూపు మార్చుకుంటుంది. ఆ రెండూ కలిసి వెలుగు పట్టే ప్రోటీన్ల వాటాన్నే మార్చేస్తాయి. అంతవరకూ వెలుగుని లోపలికి అందించిన చేతులే ఇప్పుడు దాన్ని వేడి చేసి బయటికి పారబోస్తాయి. మంచి ఎండ వేళ ఆకు తను పట్టిన వెలుగులో సగానికి పైగా ఇలా పారబోస్తుంది.

(పేజీ తిప్పు.)

అలా పారబోయలేకపోతే? ఆ మిగిలిపోయిన శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కి ఎక్కుతుంది. అది వెర్రెత్తి చుట్టుపక్కల దొరికిందల్లా కాలుస్తుంది, ముందుగా పత్రహరితాన్ని. కాబట్టి పారబోయడం ఆకు ప్రాణానికి రక్ష. నీడలో పెరిగిన ఆకు దగ్గర ఈ సరంజామా తక్కువ ఉంటుంది. అమర్చుకోడానికి రోజులు పడతాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఎండ పోయి మబ్బు పట్టాక కూడా ఆకు వెంటనే ఆపదు, కాసేపు పారబోస్తూనే ఉంటుంది. ఆ తర్వాతి పారబోత తగ్గిస్తే పంట పెరగొచ్చని ఇక్కడి నలుగురిలో పెద్దాయన ఆశ. ఆయన ఆశలకి కడగాల్సిన గాజుసీసాలు నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి. ఉంటాను.

పన్ను నొప్పితో,
మీ అత్త


ఏప్రిల్ 21

అత్తా,

నువ్వు మా పక్షాన ఉంటావని నాకు తెలుసు.

నిన్న సమావేశంలో నీ ఉత్తరం చదివి వినిపించాను. మొదటి పేజీ మొత్తం చదివాను. రెండో పేజీ మీ పెద్దాయన గొడవలా ఉందని పైపైన చూశాను. ‘పారబోత తగ్గిస్తే పంట పెరగొచ్చు’ అన్న మాట దొరికింది, దాని కింద గీత గీసి అదీ చదివాను. సగానికి పైగా! అత్తా, సగానికి పైగా! ఆకులో కూడా ఇంత దుబారా ఉందని నాకు తెలియదు. అందినదంతా పట్టుకోవడం, తిన్నంత తినడం, మిగిలింది వేడి చేసి గాల్లోకి విసరడం. మా పాత యజమాని కూడా సరిగ్గా ఇలాగే బతికాడు.

నేను లేచి అన్నాను, ఈ పాడు అలవాటు నారుకి ఎక్కడినుంచి వచ్చింది? గారాబం వల్ల వచ్చింది. మొదటి రోజునుంచీ నిండు వెలుగులో నిలబెడితే పారబోయడానికి దానికి తీరికెక్కడిది? పని చేసి తీరాలి. సగం వెలుగు పారబోసే నారుని తయారుచేసే మనిషి మనకొద్దన్నాను.

ఏడు చేతులు లేచాయి. ట్రేలు కడిగే పెద్దమ్మ మరో ఇద్దరితో కలిసి చేతులు కట్టుకుని కూర్చుంది. "మీ అత్త రాసింది అంతేనా? వెనక పేజీ లేదా?" అని అడిగింది కూడా. అజ్ఞానులకి ఎప్పుడూ వెనక పేజీయే కావాలి. మేస్త్రి మాత్రం చేతులు లెక్కపెడుతున్నంతసేపూ నెట్‌కి పడ్డ చిరుగు కుడుతూ కూర్చున్నాడు. కుట్టడం పూర్తయ్యాక దారం కొరికి, సూది పెద్దమ్మకి ఇచ్చి, తన రేకు పెట్టె తీసుకుని వెళ్ళాడు. వ్యాన్ డ్రైవర్ ఇంటి వరండాలో పడుకుంటున్నాడట. పడుకోనీ.

ఈ పొద్దున నెట్లన్నీ పీకేశాం. తొంభై ట్రేలూ నిండు ఎండలో ఉన్నాయి. చూస్తుంటే గర్వంగా ఉంది.

విజయోత్సాహంతో,
మేనల్లుడు


ఏప్రిల్ 24

గాడిదా,

ఈ ఉత్తరం అందగానే, నిలబడి చదువుతుంటే నిలబడే, నెట్లు వేయించు. మిగతాది తర్వాత చదువు.

వేశావా? ఇప్పుడు విను. నిన్న రెండుసార్లు ఫోన్ చేశాను. ‘సంఘం పని వేళల్లో ఫోన్ ఎత్తం’ అని ఎవరో పెట్టేశారు. ఆ నియమం నీదే అయ్యుంటుంది.

మొదటి పేజీ చదివి ఒక మనిషిని రోడ్డు మీదకి పంపావు. ఉత్తరానికి రెండో పేజీ ఎందుకు ఉంటుందనుకున్నావు? కాగితం మిగిలిందని నేను రాశాననుకున్నావా? నాలుగు ముక్కలు చదివి లోకాన్ని దిద్దేవాళ్ళని నేను రోజూ చూస్తూనే ఉంటాను, అయితే మా వాళ్ళు కనీసం పేజీ తిప్పుతారు.

నువ్వు అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు. పారబోయడం నీడలో పెరిగిన ఆకుకి పట్టిన రోగం కాదు. నీడలో పెరిగిన ఆకుకి పారబోయడం చేతకాదు. ఆ కాపలా ప్రోటీనూ, ఆ పసుపు పదార్థమూ దాని దగ్గర సరిపడా ఉండవు. మీ మేస్త్రి అరగంట, గంట, గంటన్నర అని ఎండ చూపించిన ఆ పది రోజుల్లోనూ ఆకు వాటిని కూడగట్టుకుంటుంది. మా నలుగురు పరిశోధకులు ఒక ఏడాది దీపాల కింద కొలిచి తేల్చింది ఆయన కంటితో చూసి చేస్తున్నాడు. అలాంటివాణ్ణి నువ్వు నా ఉత్తరం చేతిలో పట్టుకుని బయటికి గెంటావు. నా చేతిరాత అక్కడ చదివారంటే నాకు తల కొట్టేసినట్టుంది.

ఆయన్ని వెనక్కి పిలువు. వెంటనే జవాబు రాయి.

మీ అత్త


ఏప్రిల్ 26

అత్తా,

ఘోరం జరిగింది. మేస్త్రి పగ తీర్చుకున్నాడు.

మూడో రోజుకల్లా నారు పాలిపోయింది. నిన్నటికి ఆకులు కాగితాల్లా తెల్లబడ్డాయి, ముట్టుకుంటే గరగరలాడుతున్నాయి. నెట్లు కొంచెం కొంచెంగానే తీశాం, నీళ్ళు వేళకి పెట్టాం. ఇది ఎండ పని కాదు. పోతూపోతూ ఆయన నీళ్ళలో ఏదో కలిపాడు. పురుగుమందుల అలమారా తాళం ఇరవయ్యారేళ్ళుగా ఆయన మొలతాడుకే ఉండేది! అందరూ "ఎండేమోరా" అని గొణుగుతున్నారు. పెద్దమ్మ అయితే నన్ను చూసినప్పుడల్లా ఆకాశంలోకి చూస్తోంది. పిరికి జనం. ఒక ముసలాడి మీద జాలితో కళ్ళెదుట నేరం కనపడటం లేదు వీళ్ళకి.

ముప్పయ్యో తేదీన మళ్ళీ సమావేశం. మేస్త్రి మీద పోలీసు ఫిర్యాదు ఇవ్వాలని తీర్మానం రాసిపెట్టాను. రుజువు కావాలి. తడిగుడ్డలో చుట్టి రెండు ఆకులు పంపుతున్నాను. ‘1’ అని రాసింది తెల్లబడినది. ‘2’ అని రాసింది బల్ల కింద మరిచిపోయిన ట్రేలోది, అదెందుకో బాగానే ఉంది. మీ ప్రయోగశాలలో కొలతలు తీసే పెట్టెలో పెట్టి ఏం విషమో చెప్పు.

తా.క. కవరు అంటిస్తుండగా నీ 24వ తేదీ ఉత్తరం వచ్చింది. చదివాను. రెండు పేజీలూ చదివాను, చాలా? కిటికీ కూడా లేని గదిలో కూర్చుని వెలుగు గురించి మాకు చెబుతావు. పెద్దల దగ్గర జీతానికి పనిచేసేవాళ్ళకి పెద్దరికమే సైన్సులా కనపడుతుంది. అయినా ఆకులు పంపుతున్నాను. ఆకు అబద్ధం చెప్పదు.

మేనల్లుడు


ఏప్రిల్ 28

ఒరే,

నిజమే, ఆకు అబద్ధం చెప్పదు. చెప్పింది నువ్వు.

మా పెట్టె విషాలు కనిపెట్టేది కాదు. ఆకుని పావుగంట చీకట్లో ఉంచి ఒక్క క్షణం గట్టి వెలుగు కొడితే, ఆకు మన కంటికి ఆనని ఎర్రటి మెరుపు విసురుతుంది. దాన్ని బట్టి వెలుగు పట్టే యంత్రం ఎంత బాగుందో తెలుస్తుంది. మంచి ఆకుకి సున్నా పాయింట్ ఎనిమిది దరిదాపుల్లో వస్తుంది. నీ రెండో ఆకు రెండు రోజులు తపాలాలో దొర్లి కూడా సున్నా పాయింట్ ఏడు అయిదు దాకా చూపించింది. మొదటి ఆకులో తెల్లటి చోట అసలేమీ రాలేదు. పచ్చ మిగిలిన చోటికి పక్కన సున్నా పాయింట్ మూడు అయిదు.

నీకు అంకెలు వద్దు, నేరం కావాలి. సరే, నువ్వు పంపిన ఒకటో ఆకుని వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూశాను. (నా గదికి కిటికీ లేదన్నావు. వరండాలోకి వెళ్ళి చూశాను, నాకూ కాళ్ళున్నాయి.) తెల్లబడ్డ ఆకు నడిమధ్యన పచ్చటి బొమ్మ ఒకటి ఉంది. రంపం పళ్ళలాంటి అంచులతో సహా అది ఇంకో టమాటా ఆకు బొమ్మ. పై ఆకు ఒకటి దీని మీద ఆనుకుని ఒరిగింది. దాని నీడ పడ్డ మేర బతికింది, చుట్టూరా కాలిపోయింది. విషం నీడ చూసుకుని పక్కకి తప్పుకోదురా. పైగా బల్ల కింది ట్రేకీ అదే పైపు నీళ్ళే పోశావు. దానికెందుకు ఏమీ కాలేదో నీకు నువ్వే రాసుకున్నావు, ‘అదెందుకో బాగానే ఉంది’ అని. ‘కొంచెం కొంచెంగా తీశాం’ అని నాకు రాశావు. అయిదు రోజుల ముందు నీ చేత్తోనే ‘నెట్లన్నీ పీకేశాం’ అని రాసి పంపావు. రెండు ఉత్తరాలూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. అబద్ధమాడటానికి కూడా కాస్త శ్రద్ధ కావాలి, అదీ లేదు నీకు.

ఇల్లు లేని మనిషి గదిని లాక్కున్నావు, చాలక ఇప్పుడు జైలుకి పంపుతావా? నీ కోపం అంతా అన్యాయం మీదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పది మంది నవ్వారన్న ఉక్రోషం అది. దానికి సిద్ధాంతం చొక్కా తొడిగావు, అంతే.

ముప్పయ్యో తేదీ నీ తీర్మానం చదివే ముందు ఈ ఉత్తరం చదువు. 24వ తేదీదీ చదువు. రెండూ మొదటి మాటనుంచి చివరి మాట దాకా, ‘గాడిద’తో సహా. ఒక్క ముక్క మింగినా, మరునాడు పొద్దున నేనే బస్సు దిగి మీ షెడ్డుకి వస్తాను. మీ అమ్మని కూడా తీసుకొస్తాను.

అత్త

తా.క. తెల్లబడ్డ ఆకులు మళ్ళీ పచ్చబడవు. చిగురు బతికుంటే మొక్క బతుకుతుంది. ఈ మాట ఆయనకి చెప్పు. ఆయనకి తెలిసే ఉంటుంది.


మే 2

అత్తా,

చదివాను.

ముప్పయ్యో తేదీ ఉదయం అది అందింది. సాయంత్రం దాకా జేబులో పెట్టుకుని తిరిగాను. చింపేద్దామని రెండుసార్లు తీశాను. నిన్ను చూసి భయపడి ఆగానని అనుకోకు. (అమ్మని చూసి కొంచెం.) మధ్యలో ఒకసారి షెడ్డులోకి వెళ్ళి చెడిపోయిన ట్రేల్లో ఆకులు తిప్పి చూశాను. నువ్వన్న పచ్చ బొమ్మలు ఒకటి కాదు, వందలున్నాయి. ఆకు మీద ఆకు ఆనుకున్న చోటల్లా ఉన్నాయి. నాలుగు రోజులుగా వాటి మధ్యే తిరుగుతున్నాను, ఒక్కటీ చూడలేదు. నేరం వెతుకుతున్నవాడికి ఆకు కనపడదు కాబోలు.

మేస్త్రి సభ్యుడు కాదు గనక గుమ్మం బయట నిలబడ్డాడు. డ్రైవర్ తీసుకొచ్చాడు. నేను రెండు ఉత్తరాలూ చదవడం మొదలుపెట్టాను. ‘అబద్ధం చెప్పింది నువ్వు’ దగ్గర గొంతు తగ్గించాను. పెద్దమ్మ "గట్టిగా చదువు నాయనా, వెనకవాళ్ళకి వినపడాలి" అంది. ‘సిద్ధాంతం చొక్కా’ దగ్గర డ్రైవర్ పడీపడీ నవ్వాడు. ఇరవయ్యో తేదీన చేతులెత్తిన ఏడుగురిలో అతనే మొదటివాడు! అయినా నేను ఆగలేదు. చివరికొచ్చాక ‘గాడిద’ కూడా చదివావా అని ఒకడు అడిగాడు. చదివానన్నాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

మేస్త్రి లోపలికి వచ్చి "చిగురు ఎన్నిట్లో ఉందిరా?" అని అడిగాడు. నాకు తెలియదు. ఆయన, నేను, పెద్దమ్మ దీపం పట్టుకుని లెక్కపెట్టాం. తొంభైలో ముప్పయ్యొకటి. మిగతావి పోయాయి. తీసుకోవాల్సిన రైతుల దగ్గరికి మర్నాడు నేనే వెళ్ళి, నారు తగలేసింది నేనేనని చెప్పొచ్చాను. ఇద్దరు తలుపు మొహాన వేశారు. వేసినందుకు నాకు కోపం రాలేదు, చిత్రంగా ఉంది కదూ.

ఆ రాత్రే, లెక్క అయ్యాక, మేస్త్రిని తిరిగి తీసుకోవాలని పెద్దమ్మ అంది. అన్ని చేతులూ లేచాయి. ఆయన మాత్రం పెట్టె కింద పెట్టలేదు. "చేతులెత్తి పంపారు, చేతులెత్తి పిలుస్తున్నారు. రేపు మళ్ళీ ఎందుకెత్తుతారో" అన్నాడు. తనని తీసెయ్యాలన్న తీర్మానం పుస్తకంలో కొట్టెయ్యకండి, అలాగే ఉంచండి, దాని కిందనే ఆ అత్తగారి మొదటి ఉత్తరం రెండు పేజీలూ కనపడేలా అంటించండి, అప్పుడొస్తానన్నాడు. అంటించాం. జిగురు నేనే రాశాను. కాబట్టి నీ ఉత్తరం ఇక నా దగ్గర లేదు, అది సంఘం ఆస్తి. ఆయన తన గదికి వెళ్ళి పెట్టె పెట్టుకుని, పురుగుమందుల అలమారా తాళం మళ్ళీ మొలతాడుకి కట్టుకుని తిరిగొచ్చాడు.

అప్పుడు నేను లేచాను. న్యాయం న్యాయమే. తొంభై ట్రేల్లో యాభై తొమ్మిది చంపి, నిర్దోషిని గెంటి, సంఘానికి అబద్ధం చెప్పిన సభ్యుణ్ణి వెంటనే తొలగించాలని నా మీద నేనే తీర్మానం పెట్టాను. పావుగంట మాట్లాడాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు అత్తా. నువ్వు వినాల్సింది. ‘అనుకూలం’ అనగానే నా చెయ్యెత్తాను. చుట్టూ చూశాను.

ఒక్కటీ లేవలేదు. మేస్త్రి అన్నాడు, "వీణ్ణి బయటికి వదిలితే ఇంకోచోట తగలెడతాడు. ఇక్కడే ఉండనివ్వండి, కళ్ళముందు."

అనుకూలం ఒకటి, వ్యతిరేకం పది. తీర్మానం వీగిపోయింది. ఇంత స్పష్టమైన రుజువు చేతికిచ్చినా సరైన నిర్ణయం తీసుకోలేని ఈ జనంతో నేను రేపట్నుంచీ ట్రేలు మొయ్యాలి.

మైనారిటీలో మిగిలిన,
నీ మేనల్లుడు